నర్సన్న అంతా చెప్పాడు

ఈ ఉదయం గులాబీ తోటలో ఎరువు మందుల గదిలో యాసిడ్ డబ్బా మూత తిప్పగానే ఘాటుకు ముక్కు చురుక్కుమంది. వెంటనే నర్సన్న తుమ్ము గుర్తొచ్చింది. సౌదీలోని ఈ తబూక్‌లో బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. కాస్త యాసిడ్ కలిపితే తప్ప గులాబీ వేళ్లు మందును సరిగా తీసుకోవు. అందుకని నర్సన్న రోజూ పొద్దున్నే ఆ మూత తిప్పేవాడు, తిప్పిన ప్రతిసారీ తుమ్మేవాడు. అది మామూలు తుమ్ము కాదు. షెడ్డు పైన వాలిన పావురాలన్నీ ఒక్కసారిగా లేచిపోయేవి. "చూసినవా, నేను డ్యూటీల దిగిన్నని తబూక్ మొత్తానికి ఎర్కైంది" అని మీసం తుడుచుకునేవాడు. ఆయన ఇంటికి వెళ్లిపోయి చాలా కాలమైంది. నేను మాత్రం ఇప్పటికీ మూత తిప్పి ఒక్క క్షణం ఆగుతాను.

నర్సన్నది ఆర్మూర్ పక్కన ఒక ఊరు. వ్యవసాయ డిప్లొమా చదివి, అక్కడే ఎరువుల దుకాణంలో కొన్నేళ్లు పనిచేసి, ఈ పూల తోటకు ఫోర్‌మన్‌గా వచ్చాడు. వినయం ఆయన ఛాయలకు కూడా వచ్చేది కాదు. తోటలో ఏ గులాబీ బాగా విచ్చినా దాన్ని తానే కన్నట్టు మాట్లాడేవాడు. నేను జగిత్యాల వైపు వాణ్ణి. రియాద్‌లో, సులై గోదాముల్లో మూటలు మోసి మోసి నడుము పట్టేస్తే, తెలిసినవాళ్లు ఈ తోట యజమాని, మా వీసా కఫీల్ దగ్గర పని ఇప్పించారు. గులాబీకి ముల్లుంటుందని తప్ప మరేమీ తెలియని నన్ను నర్సన్న ఎగాదిగా చూసి, "పర్వాలేదు, ఖాళీ బుర్రల పోసుడు అల్కగ ఉంటది" అన్నాడు. నాకు కోపం రాలేదు, ఎందుకో నవ్వొచ్చింది.

మాలో చాలామంది వరి పండించిన వాళ్లం. పైరు నల్లబడేంత పచ్చగా కనిపిస్తే చాలు, కడుపు నిండిపోతుంది మాకు. ఒకసారి నర్సన్న సెలవు మీద ఊరెళ్లినప్పుడు, కొత్త షెడ్డులో గులాబీలు ఏపుగా పెరిగాయి. ఆకు అరచేయంత అయింది. మేమంతా వాటి మధ్య నిలబడి ఫొటోలు దిగి ఊళ్లకు పంపుకున్నాం. తిరిగొచ్చిన నర్సన్న పెట్టె కూడా గదిలో పెట్టకుండా నేరుగా షెడ్డుకు వచ్చి, తల పట్టుకున్నాడు.

"ఏందిరా ఇది? మనం పూలమ్ముతున్నమా, తోటకూర అమ్ముతున్నమా?"

ఆకులు పక్కకు తోసి చూస్తే మొగ్గలు వేళ్ల మీద లెక్కపెట్టేలా ఉన్నాయి. ఆయన లేనప్పుడు ఎవరూ మందు సంచి మార్చలేదు. మొక్కలు చిన్నగా ఉన్నప్పుడు వేసిన మందే నడిచింది. నర్సన్న ఒక ఖాళీ సంచి తెచ్చి మా ముందు పరిచాడు.

"ఈ మూడంకెలు చూడుండ్రి. మొదటిది నత్రజని, ఆకుకు. నడిమిది భాస్వరం, వేరుకు. ఆఖరుది పొటాష్, పువ్వుకు. ఇరవై ఇరవై ఇరవై అన్నా, పది పది పది అన్నా వంతులు ఒక్కటే, బలమే వేరు. పెద్దంకె చూసి మురువకుండ్రి, వంతులు చూడుండ్రి. మొగ్గ శనగగింజంత అయినంక మొదటిది తగ్గియ్యాలె, ఆఖరుది దానికి రెండింతలు కావాలె."

"మరి ఒక్కసారే ఎక్కువ పోస్తే తొందరగ పూయదా అన్నా?" అని అడిగాను.

"ఇది నీ ఊరి నల్లరేగడి కాదురా, ఇసుక. ఏదీ దాచుకోదు. రోజింత, రోజింత ఇయ్యాలె."

ఆ రోజే కాల్షియానికి వేరే ట్యాంకు ఎందుకో కూడా చెప్పాడు. చిక్కటి మందులో భాస్వరంతో కలిపి పోస్తే అది సున్నంలా గడ్డకట్టి డ్రిప్ పైపులు మూసుకుపోతాయి. నేను ఇవాళ తినే అన్నం ఆ సంచి చుట్టూ చెప్పిన పాఠానిదే.

తర్వాత నితాఖత్ వచ్చింది. ప్రతి కంపెనీలో ఇంతమంది సౌదీలు ఉండాలన్నారు. చాలాచోట్ల పేరుకు ఒకరిని పెట్టుకున్నారని వినేవాళ్లం. అలా మా తోటకు వచ్చిన సౌదీ కుర్రాడు ఫహద్ కూడా సంతకం పెట్టి వెళ్లిపోతాడనుకున్నాం. మొదటి రోజు పాదాల దాకా ఉండే తెల్లటి అంగీ, తోబ్‌లో వచ్చాడు. మర్నాడు రబ్బరు బూట్లు వేసుకొచ్చాడు. అప్పుడు మాకు భయం పట్టుకుంది, ఎందుకంటే విదేశీ మనిషికి ఇంత అని కఫీల్ సర్కారుకు కట్టే లెవీ కూడా అప్పుడే పెరుగుతోంది. మందుల పనికి ఇద్దరు ఫోర్‌మన్లు అక్కర్లేదని కఫీల్ చెప్పేశాడు. ఫహద్‌కు పని వచ్చిన రోజున నర్సన్నకు ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపేస్తారు. అక్కడ ఊళ్లో ఆయన కూతురు నర్సింగ్ చదువు మధ్యలో ఉంది.

శుక్రవారం మధ్యాహ్నం మేముండే గదిలో మటన్ ఉడుకుతుండగా, మాతో ఉండే గంగారాం మాట తీశాడు. "అన్నా, వానికి అంకెలు చెప్పు. ఎప్పుడు మార్చాల్నో మాత్రం చెప్పకు. నువ్వు లేకుంటే పని నడువద్దు." మేమంతా అవునన్నాం. నేనే అందరికన్నా గట్టిగా అన్నాను.

నర్సన్న గరిటె ఆపాడు. "సగం చెప్తే పిలగాడు తోట ఖరాబు చేస్తడు. నీకు చెప్పినోడు ఎవడ్రా అంటే ఎవని పేరు చెప్తడు? నా పేరు! నా ఇజ్జత్ నేనే తీసుకోవాల్నా?"

మంచితనంతో అన్నాడా, గర్వంతో అన్నాడా అని నేను చాలాసార్లు ఆలోచించాను. ఆయనలో ఆ రెండూ విడివిడిగా ఉండేవి కావు. మర్నాడే వంటగదిలోంచి గుప్పెడు శనగలు తెచ్చి ఫహద్ చేతిలో పోశాడు. "హుమ్ముస్!" అని అరబ్బీలో శనగల పేరు చెప్పి ఫహద్ నవ్వి ఒకటి నోట్లో వేసుకోబోతే, చేయి పట్టుకుని ఆపి, మొగ్గ పక్కన పెట్టి చూపించాడు. ఆ తర్వాత ఫహద్ జేబులో ఎప్పుడూ ఒక శనగగింజ ఉండేది. రోజూ మొక్కల మధ్య మోకాళ్ల మీద కూర్చుని మొగ్గలు కొలిచేవాడు.

ఫహద్ ఒక్కడే మందు కట్టిన షెడ్డు ఆ చలికాలం విరగపూసింది. కఫీల్ వచ్చాడు. పొడుగాటి కాడ ఉన్న గులాబీ ఒకటి తీసి తిప్పి తిప్పి చూసి, మా అందరి ముందే ఫహద్‌ను అడిగాడు. "పని అంతా వచ్చేసిందా? నర్సన్న అంతా నేర్పాడా?"

ఫహద్ నర్సన్న వైపు చూశాడు, తర్వాత పూల వైపు.

"లిస్సా" అన్నాడు. ఇంకా లేదని. "ముఖ్యమైంది ఇంకా చెప్పలేదు. చాలా కాలం పడుతుంది."

నర్సన్న ముఖం కందగడ్డలా అయింది. "ఏం చెప్పలేదురా? అంతా చెప్పిన! వల్లా, అంతా..." అని ముందుకు దూకబోయాడు. నేను ఆయన కాలు తొక్కాను. బూటు మీద బలమంతా వేసి తొక్కాను. కఫీల్ తల పంకించి, నర్సన్న ఇకామా, అంటే ఇక్కడ ఉండే పర్మిట్టు, రెన్యువల్ చేయమని గుమస్తాకు చెప్పి వెళ్లిపోయాడు.

సాయంత్రానికి నర్సన్నకు సంగతి అర్థమైంది. కళ్లు తుడుచుకుంటూనే సణిగాడు. "మంచి పిలగాడే. బతికిచ్చిండు. గని అందరి ముంగట నేను దాచిపెట్టిన్నంటడా?" ఏటా ఇకామా సమయానికి కఫీల్ అదే అడిగేవాడు, ఫహద్ అదే చెప్పేవాడు, నేను కాలు తొక్కడానికి సిద్ధంగా నిలబడేవాణ్ణి. కూతురు ఆస్పత్రిలో ఉద్యోగంలో చేరాక నర్సన్న తనంతట తానే ఎగ్జిట్ అడిగి, నవ్వుతూ వెళ్లాడు.

ఇప్పుడు ఫహద్ మేనేజర్, ట్యాంకులు నావి. నా జేబులోనూ ఒక శనగగింజ ఉంటుంది. కొత్తగా వచ్చినవాళ్లు ఎవరు అడిగినా వంతులూ చెబుతాను, ఎప్పుడు మార్చాలో కూడా చెబుతాను. అంతా చెప్పేస్తే నీ గతేమిటని గదిలో ఇప్పటికీ అంటారు. నాకు భయం వేయదు.

మొన్న నర్సన్న ఫోన్ చేశాడు. "ఫహద్ పక్కన్నే ఉన్నడా? ఇప్పుడన్న అడుగు, నేను అంతా చెప్పిన్నా లేదా?"

ఫోన్ స్పీకర్‌లో పెట్టి, ప్రశ్న ఫహద్‌కు అరబ్బీలో చెప్పాను. వాడు నవ్వాపుకుని, "లిస్సా, ఉస్తాద్" అన్నాడు.

ఉస్తాద్ అంటే గురువని నర్సన్నకు నేను చెప్పనక్కర్లేదు. తిట్లు వస్తాయని చూశాను. వాటికి బదులు ముక్కు ఎగబీల్చిన చప్పుడు, ఆ వెనకే పెద్ద తుమ్ము వినిపించాయి. ఆర్మూర్‌లో ఆయన పక్కన యాసిడ్ డబ్బా లేదని నాకు తెలుసు.