దావత్‌కు పిలిచినాయన

హైదరాబాద్ పాతబస్తీ దబీర్‌పురాలో పెళ్లికార్డులు అచ్చువేసే ఆయనకు అన్ని తాళాలకూ ఒకటే చెవి: "పెళ్లి ఉంది భాయ్, జర జల్దీ." కరెంటు పోయినా, కాగితం రాకపోయినా ఫోన్ తీసి అదే మాట.

ఆయన కంప్యూటర్‌లో ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ పెట్టింది నేనే. దాన్ని జీతం లేని వాలంటీర్లు నడుపుతారు. తెలుగు, ఉర్దూ ఒకే కార్డు మీద కూర్చోబెట్టే సాఫ్ట్‌వేర్ అందులో లేదు. కావాలంటే దాన్ని చేర్చమని వాళ్ల సైట్‌లో ఫారం నింపాలనీ, లైసెన్స్‌తో సహా అన్నీ పద్ధతిగా రాయాలనీ పాఠం చెప్పాను. ఇంకో సాఫ్ట్‌వేర్ కోసం అంత పద్ధతిగా నేను పెట్టిన అభ్యర్థన అక్కడ మూడేళ్లుగా నిద్రపోతోందని మాత్రం చెప్పలేదు.

"ఎందుకు అవసరం?" అన్న గడిలో ఆయన "పెళ్లి ఉంది" అని రాశాడు. నేను తల పట్టుకున్నాను.

"ఎవరి పెళ్లి?" అని ఒక వాలంటీర్ అడిగాడు. పెళ్లి కార్డులు వేయించుకునే గిరాకీ వాళ్లది. అయినా ఈయన ఫంక్షన్ హాల్ అడ్రసు రాసి, వాలంటీర్లందర్నీ సకుటుంబంగా రమ్మన్నాడు.

నాలుగు రోజుల్లో సాఫ్ట్‌వేర్ వచ్చేసింది. ఎలా వచ్చిందని ఆయన్నే అడిగాను.

"నీది గూడ చూసిన భాయ్. నువ్వు దరఖాస్తు పెట్టినవ్, నేను దావత్‌కు పిలిచిన."

నా అభ్యర్థన ఇంకా అక్కడే ఉంది. మా ఇంట్లో ఇప్పట్లో పెళ్లి లేదు.