గాజు ఇంట్లో చెరుకు

పోయిన వారం బోధన్ బస్టాండు ముందర చెరుకురసం బండి దగ్గర ఆగి, ఈ గడలు ఏ ఊరివని ఊరికే అడిగితే, బండివాడు మహారాష్ట్ర నుంచి వస్తాయమ్మా అన్నాడు. బోధన్‌లో నిలబడి పక్క రాష్ట్రపు చెరుకు తాగడమా? ఇక్కడి చక్కెర ఫ్యాక్టరీకి మన చెరుకు మోసే ఎడ్లబండ్ల వెనక పరుగెత్తి గడలు గుంజుకుని, గౌనంతా జిగట చేసుకుని, ఇంట్లో అవ్వ చేత తిట్లు తినని పిల్లలు అప్పట్లో మన ఊళ్లలో ఉన్నారా, మీరే చెప్పండి.

చెరుకును చూసి నా గుండె మొదటిసారి గుభేలుమన్నది మాత్రం ఇక్కడ కాదు, ఇంగ్లండులో. ఉత్తరాన లీడ్స్ అనే పట్నంలో నర్సుగా పనిచేసిన చివరి ఏళ్లలో, బోధన్ దగ్గరి రుద్రూర్ పక్క పల్లెలో ఉండే మా బాపును కొన్నాళ్లు నా దగ్గరికి రప్పించుకున్నాను. ఫ్యాక్టరీ మూతపడింది, కొనే దిక్కు లేదని ఆయన అంతకుముందే తన చెరుకంతా పెకిలించి వరి వేశాడు. ఆ సంగతి ఎత్తితే అన్నం సగంలో వదిలి లేచేవాడు. మనసు మళ్లుతుందని ఆదివారాలు పార్కులకు తిప్పేదాన్ని. అక్కడ పార్కులంటే నాలుగు బెంచీలు, ఎండిన ఫౌంటెను కావు, చెరువులూ బాతులూ చిన్నపాటి అడవులూను. బాపు మాత్రం ఇంత భూమిలో ఒక్క గింజ పండించరా అని నొచ్చుకునేవాడు.

ఒక పార్కులో వేడి దేశాల మొక్కల కోసం గాజు ఇల్లు కట్టారు. లోపల అరటి, పసుపు చూసుకుంటూ పోతున్న బాపు ఉన్నట్టుండి ఆగిపోయాడు. ఎదురుగా కమ్మీ వెనక, పేరు పలక పెట్టి, ఒక చెరుకు దుబ్బు. బయట మంచు పడుతుంటే దానికి గొట్టాలతో వెచ్చదనం పెడుతున్నారు. అంతలో ఆయన, ఆ వయసులో, కమ్మీ దాటి దిగి చేలో చేసినట్టే గడలకు అంటుకున్న ఎండుటాకులు సరసరా గుంజడం మొదలుపెట్టాడు. కాపలా పిల్ల పరుగున వచ్చింది. పోలీసులను పిలుస్తుందేమోనని భయపడ్డాను, కానీ ఆమె మర్యాదగానే బయటికి రమ్మంది. బాపు ఆకులు చేతిలోనే పట్టుకుని వచ్చి, "ఈడ ఫ్యాక్టరీ లేదు, గానుగ లేదు. గీళ్లు దీన్ని దేనికి పెంచుతున్నరో అడుగు బిడ్డా" అన్నాడు. అడిగాను. జనం చూడడానికి అంది.

"సూసేటందుకేనా," అంటూ బాపు అక్కడే గట్టు మీద కూలబడి ఏడ్చాడు. మమ్మల్ని కన్న అవ్వ పోయినప్పుడు కూడా ఆయన ఏడవగా నేను చూడలేదు.

ఊరికి తిరిగి పోయాక పొలంలో బోరు పక్కన కాసిన్ని చెరుకు ముక్కలు నాటుకున్నాడట. అమ్మకానికి కాదు, బెల్లానికి కాదు. ముసలోడికి మతి పోయిందని ఊరు నవ్వితే, సూసేటందుకు పెట్టుకున్న, మీకేం బాధ అనేవాడట. బాపు చనిపోయాక, మొన్న ఊరికి పోయి చూస్తే ఆ మూల కూడా వరి మడిలో కలిసిపోయింది. ఇప్పుడు సేద్యం చేసే తమ్ముణ్ణి తప్పు పట్టలేను, వాడికి పిల్లల చదువులున్నాయి. కొనేవాడు లేకపోయినా ఒక దుబ్బును బతకనివ్వాలని మా బాపుకు తోచింది, మాకెవరికీ తోచలేదు.