ఖాళీ అట్టపెట్టెలోంచి వచ్చిన చప్పుడు

దయ్యాల మీద నాకు ఏనాడూ నమ్మకం లేదు. నా తగాదాలన్నీ బతికున్న మనుషులతోనే. ఇది చదివి నవ్వుకునేవాళ్లు నవ్వుకోవచ్చు, నేను మాత్రం ఒక్క మాట కూడా మార్చను.

సౌదీలోని యాన్బులో మా ఆయన ప్లాంట్ టెక్నీషియన్. మా కాంపౌండ్‌లోనే ఒక గదిలో నేను మూడు నాలుగేళ్ల పిల్లలకు బడి నడిపేదాన్ని. ఉద్యోగాలు ముందు అక్కడివాళ్లకేనన్న నితాఖత్ రూలు తర్వాత, వెంట ఉన్న భార్యాపిల్లల మీద నెలనెలా లెవీ కూడా వచ్చి పడింది. ఇళ్లు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి. పన్నెండు మంది పిల్లలు నలుగురయ్యారు.

ఐదుగురైనా లేకపోతే గది తీసేసుకుంటామని కాంపౌండ్ ఆఫీసు ఫాతిమా మేడమ్ చెప్పింది. హైదరాబాదావిడ. నా బడిని నలుగురిలో 'గోదాం' అన్న మనిషి. ఆ మాట నేను మరిచిపోలేదు.

అంతకు ముందు ఏడాది హాలోవీన్‌కు పిల్లలు దయ్యాల వేషాలేసుకుని ఇంటింటికీ తిరిగి మిఠాయిలు అడిగారు. ఈసారి మేడమ్ వద్దంది. సగం ఇళ్లకు తాళాలే, ఎవరి తలుపు కొడతారని వెటకారం. ఇళ్లు లేకపోతే నేనే చేస్తానన్నాను.

ఎగ్జిట్ వీసా మీద ఊరికి వెళ్లిపోయినవాళ్లు వదిలేసిన కార్గో అట్టపెట్టెలు ఐదు తెచ్చాను. ఒక్కోదానికి ఒక తలుపు కోసి, లోపల పళ్లెంలో ఖర్జూరాలు పెట్టి, గోడకు ఆనించాను. మనవాళ్లు పెట్టె నాలుగు వైపులా మార్కర్‌తో పేరు, ఊరు రాస్తారు కదా. ఒకదాని మీద 'గంగాధర్, జగిత్యాల' అని ఉంది. నెల క్రితం దాకా నా బడిలో ఉండి, ఊరికి వెళ్లిపోయిన లక్కీ వాళ్ల నాన్న ఆయన.

ఉదయం పది గంటలు. గది నిండా ఎండ. దిండు గలీబులు తొడుక్కున్న నలుగురూ ఆ పెట్టె తలుపు తట్టారు. లోపలి నుంచి ఎవరో తిరిగి తట్టారు. మూడుసార్లు, నెమ్మదిగా.

పిల్లలు నవ్వారు. "లక్కీ, జల్ది తీయ్‌రా" అంది ఒక పాప. పెట్టె మీది పేరు చదవడం వాళ్లకింకా రాదు.

గది తాళంచెవి కోసం వచ్చిన మేడమ్ అప్పటికే గుమ్మంలో ఉంది. ఆ చప్పుడు ఆవిడా విన్నది. వేలు చూపిస్తూ లెక్కపెట్టింది.

"బయట నలుగురు, డబ్బాలో ఒకడు. ఐదు పూరా ఉన్నారు. నలుగురే అని ఎవరు చెప్పిన్రు?"

కాగితం మీద రాసుకుని, తాళంచెవి అడగకుండానే వెళ్లిపోయింది.

అప్పుడు పెట్టె తలుపు తీశాను. లోపల ఎవరూ లేరు. పళ్లెం ఉంది, ఖర్జూరాలు లేవు.

సాయంత్రం జగిత్యాలకు ఫోన్ చేశాను. నేనింకా ఏమీ అడగకముందే లక్కీ వాళ్లమ్మ మొదలుపెట్టింది.

"పగటీలి బట్టల బీరువల దూరి కూసున్నడు టీచరమ్మా. రమ్మంటే రాడు. మిస్సే తలుపు తియ్యాలె అంటడు."

ఎన్నింటికని అడిగాను. పన్నెండు దాటినంక అంది. అక్కడ పన్నెండున్నర అయితే మాకు పది.

పిల్లవాడు బతికే ఉన్నాడు, బాగున్నాడు. కాబట్టి దాన్ని దయ్యం అనడానికీ లేదు. తట్టింది ఎవరో నాకు ఇవాళ్టికీ తెలియదు. నా గది మరో ఏడాది నడిచింది. ఐదుగురని లెక్కపెట్టింది మేడమ్, నేను కాదు. ఆ అంకె దిద్దమని నన్నెవరూ అడగలేదు. అడిగినా దిద్దను.