రెండు ఖాలీలు

మంచిర్యాల నుంచి మహారాష్ట్రలోని దుర్గాపూర్ గని క్వార్టర్లకు వచ్చిన కొత్తలో, సరదా పడి చంద్రపూర్‌లో పిస్టల్ షూటింగ్‌లో చేరాను. మొదటి వారమే ఆ బుల్లి పిస్టల్ నా మీద పగబట్టింది. రెండు తూటాలు పేలేవి, మూడోది ఇరుక్కునేది.

మరాఠీ కోచ్ నా చేతిలోని, తూటాలు నింపే మ్యాగజైన్ చూపిస్తూ "ఖాలీ, ఖాలీ!" అని అరిచాడు. ఖాళీ చెయ్యమంటున్నాడనుకుని ఉన్న తూటాలన్నీ తీసేసి, మళ్లీ బొటనవేలితో బలంగా కుక్కాను. మళ్లీ ఇరుక్కుంది. మళ్లీ "ఖాలీ!" అన్నాడు. నాలుగోసారికి నాకు ఒళ్లు మండింది.

"ఎన్నిసార్లు ఖాలీ చెయ్యాలె సార్? ఇగ నాతోని కాదు!"

పక్క బల్ల దగ్గరున్న తెలుగామె పడీపడీ నవ్వింది. "అక్కా, మరాఠీల ఖాలీ అంటే కిందికి! మ్యాగజైన్ పక్కకున్న బటన్ కిందికి గుంజి నింపమంటుండు."

గుంజాను. లోపలి స్ప్రింగు దిగింది. తూటాల అంచులు ఒకదాని వెనక ఒకటి చిక్కుకోకుండా, అన్నీ బుద్ధిగా వరసలో జారాయి. ఈసారి ఐదుకు ఐదూ పేలాయి.

ఒక్క తూటా మిగలని మ్యాగజైన్ బయటికి తీసి, గర్వంగా "ఖాలీ, సార్!" అన్నాను.

ఏం పడిపోయిందోనని ఆయన వంగి నేలంతా వెతికాడు.