మా అమ్మ పుట్టింటి ఇంటిపేరు

నాకు జరిగిన అవమానాలను కాగితం మీద రాసుకోవడం నేను పెళ్ళయిన నాలుగో ఏట మానేశాను. కారణం మా ఆయన. బీరువాలో చీరల అడుగున దాచుకున్న నోటు పుస్తకాన్ని ఆయన కరెంటు బిల్లు కోసం వెతుకుతూ బయటికి తీశారు. నిలబడే నాలుగు పేజీలు చదివి, "ఇందులో 'ఈయన' అని పదకొండుసార్లు ఉంది. అది నేనేనా?" అని అడిగారు. చదివినందుకు తప్పయిందని మాత్రం అనలేదు. పన్నెండోసారి రాసి, ఆ పుస్తకం చించేశాను. ఆ తరవాత చాలా ఏళ్ళు అన్నీ బుర్రలోనే పెట్టుకున్నాను. బుర్రలో పెట్టుకుంటే తలనొప్పి వస్తుందని ఎవరూ నమ్మలేదు. ఆ సంగతి కూడా గుర్తుంది.

రెండువేల ఒకటిలో విజయవాడలో మా వీధి చివర ఎస్టీడీ బూతు నడిపే సాయిబుగారు ఫోన్లు తీసేసి, అవే అద్దాల గదుల్లో నాలుగు కంప్యూటర్లు పెట్టారు. బయట బోర్డు మీద 'ఎస్టీడీ' కొట్టేసి 'ఇంటర్నెట్' అని రాయించారు. నేను వెళ్ళి, అందులో రాసుకున్నది ఇంకెవరికైనా కనబడుతుందా అని అడిగాను.

"మెయిలంటే మీ సొంత బీరువా అండీ. తాళం మీ దగ్గరే ఉంటుంది. నేనైనా చూడలేను," అన్నారాయన.

మా బీరువా సంగతి ఆయనకు ఎవరు చెప్పారో ఇప్పటికీ తెలియదు. అయినా మెయిలు పెట్టించుకున్నాను. నేను పాస్‌వర్డు కొడుతున్నంతసేపూ సాయిబుగారు మర్యాదగా గోడవైపు తిరిగి నిలబడ్డారు. ఆ తరవాత ఇటు తిరిగి, తెర మీద ఉన్నది గదులన్నిటికీ వినబడేలా చదివారు.

"అమ్మగారి పుట్టింటి ఇంటిపేరేదండీ? పాస్‌వర్డు మర్చిపోతే ఇదడుగుద్దంట. మీకు తప్ప ఎవరికీ తెలీనిదై ఉండాలంట."

నాకు అప్పుడే అనుమానం రావలసింది. మా కృష్ణా జిల్లాలో పామర్రు బస్సెక్కితే కంకిపాడు దాటకముందే పక్క సీటావిడ అమ్మ ఇంటిపేరు అడుగుతుంది. ఉయ్యూరు వచ్చేసరికి చుట్టరికం కలుపుతుంది. ఎక్కడో పరాయి దేశంలో రహస్యమట అది. నేను మాత్రం ఏమీ ఆలోచించకుండా గట్టిగా చెప్పాను. పక్క గదిలోంచి ఒకావిడ తల బయటపెట్టి, "పామర్రు దగ్గరోళ్ళేనా అండీ? మా పిన్నిగారి తోడికోడలు వాళ్ళమ్మాయే," అంది. చుట్టాలావిడ కలిసిందని సంతోషించి, ఏ ఊరివాళ్ళమో కూడా చెప్పి వచ్చాను.

అప్పటినుంచి ప్రతి శుక్రవారం వెళ్ళి నాకు నేనే ఉత్తరాలు రాసుకునేదాన్ని. ఒక్కో అవమానానికి ఒక్కో ఉత్తరం. మా పెద్దాడపడుచు తన గృహప్రవేశంలో నాకు పెట్టిన జాకెట్టు ముక్క, అంతకు రెండేళ్ళ ముందు నేను ఆవిడకు పెట్టిందే. మూలన నేను పెట్టిన పసుపుబొట్టు అలాగే ఉంది. అదే గృహప్రవేశం భోజనాల్లో నెయ్యి గిన్నె నా విస్తరిదాకా వచ్చి వెనక్కి తిరిగిపోయింది. కింద వాటా ఆవిడ ఫోనుకు నంబరు కనబడే పెట్టె తగిలించుకున్నాక, మా నంబరు చూసి ఎత్తడం మానేసింది. మా అత్తగారు నా పులిహోరను అందరి ముందూ "అన్నం" అన్నారు. ఇలా నలభై మూడు పోగయ్యాయి. మెయిలున్నదని గర్వంగా చుట్టాలందరికీ ఐడీ చెప్పానుగానీ, అందులో ఏముందో ఎవరికీ చెప్పలేదు.

మరుసటేడు వేసవిలో ఒక శుక్రవారం పాస్‌వర్డు కొడితే తప్పంది. ఆరుసార్లు కొట్టాను. "పెద్దక్షరాల మీట నొక్కుకుపోయిందేమోనండీ," అన్నారు సాయిబుగారు. అదీ కాదు. చివరికి అది మా అమ్మ ఇంటిపేరు అడిగింది. చెప్పి, కొత్త పాస్‌వర్డు పెట్టుకుని లోపలికి వెళ్ళాను.

నా పేరుతో నాకు కొత్త ఉత్తరాలు వచ్చి ఉన్నాయి. అవి నేను రాసినవి కావు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. మొదటిది జాకెట్టు ముక్క ఉత్తరానికి జవాబు.

"అమ్మాయ్, తిరిగిచ్చింది నేనే, నిజమే. కానీ నువ్వు నాకు పెట్టినప్పుడు అది ఎనభై సెంటీమీటర్లు లేదు. కొలిచాను."

నన్ను అమ్మాయ్ అని పిలిచేది లోకంలో ఒక్కరే, హనుమాన్ జంక్షన్‌లో ఉండే మా పెద్దాడపడుచు. రెండో జవాబు ఇంకా ఘోరం. "నెయ్యి గిన్నె పట్టుకున్నది నేను కాదు, మా తమ్ముడు. గృహప్రవేశం ఫోటోలు చూసుకో."

ఇంటికి వెళ్ళి ఆల్బం తీశాను. పంచె ఎగ్గట్టుకుని, నా విస్తరి దగ్గర నెయ్యి గిన్నెతో వెనక్కి తిరిగినవారు మా ఆయనే. ఆరేళ్ళు ఆ నెయ్యి గురించి నేను వదినగారితో ముభావంగా ఉన్నాను. ఆయన పక్కనే కూర్చుని రోజూ పెరుగన్నం తిన్నారు.

అయితే అప్పుడు నా భయం నెయ్యి గురించి కాదు. పది రోజుల్లో పామర్రులో మా మరిది పెళ్ళి. నా ఉత్తరాల్లో ఉన్న మనుషులందరూ ఆ పందిట్లోనే ఉంటారు. వదినగారు నోరు విప్పితే మా అత్తగారినుంచి పిలుపుల పేరంటాలి దాకా ఎవరి మొహమూ నేను చూడలేను. వెంటనే ఫోను చేశాను.

"వదినగారూ, నా మెయిలెందుకు తెరిచారండీ?"

"మావాడి రిజల్టు చూద్దామని సెంటర్లో అరగంటకి కట్టాను. పది నిమిషాల్లో వచ్చేసింది. మిగతా ఇరవై నిమిషాలూ ఊరికే ఒదిలేసుకోమంటావా?"

"అందుకని నాది తెరుస్తారా?"

"పాస్‌వర్డు తెలీదని నొక్కానమ్మా. మీ అమ్మ ఇంటిపేరేంటని అదే అడిగింది. నీ పెళ్ళిచూపుల్లో నేను అడిగితే మీ నాన్నగారు చెప్పారుగా."

"తెలిస్తే మాత్రం చెప్పేస్తారా?"

"అడిగినప్పుడు చెప్పకపోతే బావుండదుగా," అంది. మళ్ళీ తనే, "పెళ్ళిలో నీ పక్కనే కూర్చుంటాలే. మాట్లాడుకోడానికి బోలెడున్నాయి," అని పెట్టేసింది.

తరవాతి వారం రోజులూ యుద్ధమే. నేను పాస్‌వర్డు మార్చేదాన్ని, ఆవిడ హనుమాన్ జంక్షన్ నుంచి మా అమ్మ ఇంటిపేరు చెప్పి మళ్ళీ మార్చేది. "మీ బీరువాకి ఇద్దరు ఓనర్లున్నట్టున్నారండీ," అన్నారు సాయిబుగారు. ప్రశ్న మారుద్దామని చూశాను. పుట్టిన ఊరు అంది, అది నా శుభలేఖలోనే ఉంది. చదివిన మొదటి బడి అంది, మా ఊళ్ళో ఉన్నదే ఒక్క బడి. పెంపుడు జంతువు పేరు అంది. మా గేదెకు పేరు పెట్టలేదు. పెట్టినా ప్రయోజనం లేదు, వదినగారు దాని జున్ను తిన్న మనిషి.

పెళ్ళి ఇంక మూడు రోజులుందనగా లోపలికి వెళ్తే, జవాబు కాని ఉత్తరం ఒకటి కనబడింది. వదినగారు తన తోడికోడలి గురించి రాసుకుంది. తనకు చెప్పకుండా తీర్థానికి వెళ్ళడం, తన చీర రంగే కొనుక్కోవడం, అన్నీ వరసగా ఉన్నాయి. చివరన, "దాని నవ్వు పాలకుక్కరు విజిల్లా ఉంటుంది," అని ఉంది. నా ఉత్తరాలు చదివాక ఆవిడకూ రాసుకోవాలనిపించింది కాబోలు. ఆ ఉత్తరాన్ని సాయిబుగారి ప్రింటరులో అచ్చు తీయించాను. ఆయన అచ్చయినంతసేపూ గోడవైపు తిరిగి ఉన్నారు.

మళ్ళీ ఫోను చేశాను. "వదినగారూ, మీ తోడికోడలుగారు పెళ్ళికొస్తున్నారటగా?"

"వస్తుంది. అయితే ఏంటి?"

"ఏం లేదండీ. పాలకుక్కరు గుర్తొచ్చింది."

అవతల తలుపు వేసిన చప్పుడు వినబడింది. తరవాత, "పెళ్ళిలో మనం దూరందూరంగా కూర్చుందాం అమ్మాయ్," అంది.

అలాగే పందిరికి ఈ చివర నేను, ఆ చివర ఆవిడ కూర్చున్నాం. ఒకరు లేచి ఎవరి దగ్గరకైనా వెళ్తే రెండోవాళ్ళం కూడా లేచేవాళ్ళం. మరిది తాళి కట్టడం మేమిద్దరం చూడలేదు. కానీ ఎవరికీ ఏమీ తెలియలేదు.

ఆ నెలాఖరుకు వదినగారు బట్టలు కొనడానికి విజయవాడ వచ్చి, తిన్నగా సాయిబుగారి సెంటరుకే వచ్చింది. ఇద్దరం ఒక కుర్చీలో చెరిసగం కూర్చుని ఒప్పందానికి వచ్చాం. పాస్‌వర్డు ఇద్దరికీ ఒకటే. ఒకరిది ఒకరు చదవచ్చు, కానీ జవాబు రాయకూడదు. మూడోమనిషి రాకుండా ప్రశ్న మాత్రం గట్టిది కావాలి. కృష్ణా జిల్లాలో ఎవరికీ తెలియనిది మా ఇద్దరి దగ్గరా ఒక్కటీ లేదు.

"నిజమే చెప్పాలని రూలేం లేదండీ. అబద్ధపు ఇంటిపేరు రాయండి," అన్నారు సాయిబుగారు.

ఆ మాట ఏడాది ముందు చెప్పనందుకు ఆయన మీద కూడా ఒక ఉత్తరం రాశాను. అబద్ధపు పేరు దొరకడానికి ముప్పావుగంట పట్టింది. నేను ఏది చెప్పినా ఆవిడకు చుట్టరికం తగిలేది, ఆవిడ ఏది చెప్పినా నాకు తగిలేది. చివరకు ఈ భూమ్మీద ఎవరికీ లేని ఇంటిపేరు ఆవిడే కల్పించింది. ఎక్కడా రాసిపెట్టుకోకూడదని నేను ఒట్టు వేయించాను.

ఏడాదిన్నర బాగా సాగింది. ఇద్దరివీ కలిపి నూరు దాటాయి. తరవాత నాకు కామెర్లు వచ్చాయి, ఆవిడ ఇంటికి సున్నాలు వేయించింది. మూడు నెలలు ఎవరమూ తెరవలేదు. తీరా వెళ్తే పాస్‌వర్డు ఇద్దరికీ గుర్తు లేదు. ఇంటిపేరు అడిగింది. అదీ గుర్తు లేదు. తోచినవన్నీ కొట్టాం. ఆవిడ 'సు' తో మొదలంటుంది, నేను 'గొ' అంటాను. "ఇంత గట్టి తాళం నా సెంటర్లో ఎవరిదీ లేదండీ," అని సాయిబుగారు మెచ్చుకున్నారు.

వదినగారు ఇప్పటికీ చుట్టాలందరికీ, ఎందుకో ఏమిటో చెప్పకుండా, తప్పు నాదేనంటోంది. అవమానాలు నాకు గుర్తుంటాయిగానీ అబద్ధాలు గుర్తుండవు. ఆ పేరు కల్పించింది ఆవిడ, గుర్తుంచుకోవలసిందీ ఆవిడే. ఈ ముక్క ఎక్కడ రాసుకోవాలో మాత్రం నాకు ఇంకా తేలలేదు.