మంగ పోయిందని స్కూలుకి సెలవు

కాఫీ తర్వాత కలుపుదువు గానీ, ముందు ఇలా వచ్చి కూచో వదినా. మీరూ రండి పిన్నిగారూ, రేడియోలో వార్తలు మొదలయ్యేలోగా చెప్పేస్తా. నిన్న నా నిర్వాకం వల్ల మా స్కూలు మధ్యాహ్నానికే మూసేశారు! అప్పుడే నవ్వుతారేంటి, అసలు సంగతి వినండి.

నేను నైన్త్ క్లాసుకి తెలుగు చెప్తానా. వారానికో పీరియడ్ పాఠం పక్కన పెట్టి, గేయాల్లో రాసిన ఓ నవల చదివిస్తున్నా. కథంతా పాటలాగే నడుస్తుంది. ప్రతిపదార్థాలు లేవు, తాత్పర్యాలు లేవు. చదవడం, ఏమనిపించిందో చెప్పడం, అంతే. మా హెడ్‌మిస్ట్రెస్ రూతమ్మగారికి ఇది బొత్తిగా నచ్చలేదు. "పరీక్షలో రానిదానికి పీరియడ్ ఎందుకమ్మా? శుక్రవారం వచ్చి చూస్తా. పిల్లలు నోరు విప్పి నాలుగు మాటలు చెప్పారా, సరే. లేదా, ఆ పీరియడ్ లెక్కల మేష్టారికి ఇచ్చేస్తా" అని తేల్చేశారు. ఆ మేష్టారు అప్పుడే సుద్దముక్కలు ఏరుకుంటున్నారు! నాకు ఒళ్ళు మండిపోయింది.

నిన్నే శుక్రవారం. కథలో మంగ అని పడవ సరంగు కూతురు. వరదలో అవతలి గట్టున చిక్కుకున్నవాళ్ళ కోసం ఒక్కతే పడవేసుకుని వెళ్తుంది. ఆ భాగం అనసూయ చేత చదివించా. పామర్రు నుంచి ఈ ఏడే వచ్చి చేరింది, నోట్లో నాలుక లేని పిల్ల. పుస్తకం చేతికిచ్చానా, గొంతు ఖంగుమంది! తెడ్డు వేసినట్టు పాదం పాదానికీ ఆగుతూ చదివింది. పడవ తిరిగొచ్చింది, మంగ రాలేదు. అనసూయ ఆగిపోయింది. ముందు బెంచీలో ఒకమ్మాయికి ఎక్కిళ్ళు. ఆ తర్వాత క్లాసంతా భోరుమంది. ఊరుకోబెట్టాల్సినదాన్ని, నేనే కొంగు నోట్లో కుక్కుకుని నిలబడ్డా.

సరిగ్గా అప్పుడే గుమ్మంలో రూతమ్మగారు!

"ఏమైందమ్మా?"

"మంగ పోయిందండీ" అన్నా. బుద్ధుండక్కర్లా!

"అయ్యో! ఎవరి పిల్ల?"

"సరంగు కూతురండీ. పడవలో వెళ్ళి..." మళ్ళీ కొంగు నోట్లో కుక్కుకున్నా.

మాకు కాలవగట్టు పిల్లలు చాలామంది, ఆవిడ నమ్మక ఏం చేస్తారు? పిల్లలెవరైనా పోతే మా దగ్గర మౌనం పాటించి సెలవివ్వడం మామూలేగా. గబగబా వెళ్ళి లాంగ్ బెల్ కొట్టించారు. నేను మొహం కడుక్కుని వచ్చేసరికి స్కూలంతా గ్రౌండులో బారులు తీరింది. రూతమ్మగారు కళ్ళు మూసుకుని, "ఆ కన్నవాళ్ళని ఆదరించు తండ్రీ" అని ప్రార్థన చేస్తున్నారు. మధ్యలో ఎలా ఆపను చెప్పండి? లెక్కల మేష్టారు కూడా కళ్ళజోడు తీసి కళ్ళు ఒత్తుకుంటున్నారు! ఆమెన్ అనడం ఆలస్యం, పిల్లలు గేటు దాటేశారు.

"పదమ్మా, ఆ ఇంటికెళ్ళి పలకరించొద్దాం. రిక్షా పిలిపించా. ఇల్లెక్కడ?" అన్నారావిడ.

పుస్తకం చూపించా. "ఇందులోనండీ."

ఆవిడ మొహం కందగడ్డయింది. పుస్తకం లాక్కుని రిక్షా ఎక్కి వెళ్ళిపోయారు. పీరియడ్ ఎలాగూ పోయింది, ఇక ఉద్యోగం కూడా గోవిందా అనుకున్నా.

ఇవాళ పొద్దున్నే కబురు. దేవుడికి దణ్ణం పెట్టుకుని వెళ్ళా. చూస్తే ఆవిడ కళ్ళు వాచిపోయి ఉన్నాయి!

"చదివింది అనసూయేనటగా?"

"అవునండీ."

"ఆ పిల్ల గొంతు నేనింతవరకు వినలేదమ్మా. నాలుగు మాటలు చెప్పించమంటే స్కూలంతటినీ ఏడిపించావు. పీరియడ్ నువ్వే ఉంచుకో."

ఎంత గర్వంగా ఉందో చెప్పలేను వదినా! అనసూయ చదువుతుంటే మీరూ వినాల్సింది పిన్నిగారూ. నాకిన్నేళ్ళ సర్వీసులో అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు.

ఆ ఊపులో తలెగరేసుకుంటూ బయటికొచ్చానా, సిక్స్త్ క్లాసు పిల్లలు చుట్టుముట్టారు. నా క్లాసు కీర్తి వీళ్ళ దాకా పాకిందని మురిసిపోయా. అందరికంటే ముందున్న పిల్ల చేతులు కట్టుకుని, ఎంతో వినయంగా అడిగింది:

"టీచర్, ఆ పుస్తకంలో ఇంకా ఎంతమంది మిగిలారండీ?"