ఆట ఖాళీ అయిన శుక్రవారం

ఆ శుక్రవారం మధ్యాహ్నం తెర మీద రెండే పేర్లు మిగిలాయి. ఒకటి నాది, రెండోది నిజామాబాద్ తమ్ముడిది. మూడో కుర్చీలో కూర్చోవలసిన మా బావ రాలేదు. దోహాలో అల్ ముంతజా సందుల్లో, ఒక దర్జీ దుకాణం పైన ఉన్న ఆ కంప్యూటర్ శిక్షణ కేంద్రంలో ఏసీ రొద తప్ప మరో చప్పుడు లేదు. అంతకు ముందు వారం ఆ కుర్చీలోంచి లేస్తూ బావ అన్న మాటే నా చెవిలో తిరుగుతోంది. ఈసారి కూడా మాఫీ అంటే సామాను సర్దుకుని పోతానురా, అన్నాడు. మాఫీ అంటే లేదు, కుదరదు అని. ఆ దేశంలో అడుగుపెట్టిన ప్రతివాడూ మొదట నేర్చుకునే అరబ్బీ మాట అదే.

ఇన్నేళ్ల తరువాత ఆ మధ్యాహ్నాన్ని నాకు గుర్తుచేసినవాడు మా అల్లుడు. మొన్న భోజనాల దగ్గర ముఖం ముడుచుకుని కూర్చున్నాడు. పప్పులో ఉప్పు ఎక్కువైందేమోనని మా ఆవిడ కంగారు పడింది. సంగతి అది కాదట. అతను ఏళ్ల తరబడి ప్రపంచం నలుమూలల వాళ్లతో కలిసి ఇంటర్నెట్‌లో ఆడుతున్న తుపాకుల ఆటకు మనుషులు తగ్గిపోతున్నారట. ఇదివరకు బొత్తాం నొక్కగానే జట్టు దొరికేది, ఇప్పుడు ఎదురుచూడవలసి వస్తోందట. ఒక స్నేహితుడు ఆట పని అయిపోయిందంటాడు, ఇంకొకడు సెలవులు కదా మళ్లీ వస్తారంటాడు, ఫోన్లలో పెద్ద చర్చే నడుస్తోంది. నేను జీవితమంతా పత్రికల్లో బల్లల ముందు గడిపినవాణ్ని కాబట్టి, పాత అలవాటు కొద్దీ ఒకటే అడిగాను. వెళ్లిపోయినవాళ్లు ఎక్కడికి వెళ్లారయ్యా అని. ఏమో మామయ్యా, అన్నాడు. ఏమో అంటే సగం వార్తే కదా.

తొంభైల చివర నేను దోహాలో ఒక ఇంగ్లీషు దినపత్రికలో సబ్ ఎడిటర్‌ని. మా ఆవిడ రాజమండ్రిలో బడిపంతులమ్మ, ఆ ఉద్యోగం వదులుకునే మనిషి కాదు కనుక ఏటా వేసవికి మాత్రం వచ్చి వెళ్లేది. మా అక్క మొగుడు, అంటే మా బావ, ఒక నిర్మాణ కంపెనీలో సైట్ ఇంజనీరు. వారానికి ఒక్క శుక్రవారమే సెలవు. మధ్యాహ్నం దుకాణాలన్నీ మూసుకుంటాయి, ఎండకు రోడ్డు మీద కాలు పెట్టలేం. పెళ్లాం బిడ్డలు ఊళ్లో ఉన్న మగవాళ్లకు ఆ మూడు నాలుగు గంటలు గడవడం ఎంత కష్టమో నా ఈడువాళ్లలో గల్ఫ్ చూసివచ్చిన వారికి చెప్పనక్కరలేదు. బట్టలు ఉతుక్కోవడం, ఇంటికి ఉత్తరం రాయడం, నిద్ర రాకపోయినా పడుకోవడం, అంతే.

ఆ కేంద్రంలో పాఠాలు చెప్పే హైదరాబాద్ అన్నయ్య దగ్గర తాళంచెవి ఉండేది. యజమాని మంచివాడు, శుక్రవారం మీ ఇష్టం, శనివారానికి యంత్రాలు పనిచేస్తే చాలన్నాడు. అన్నయ్య ఎక్కడినుంచో తుపాకుల ఆట ఒకటి సంపాదించి అన్నిట్లోనూ ఎక్కించాడు. కంప్యూటర్లన్నిటినీ ఒక నల్లటి తీగ కలిపి ఉంచేది, ఆ తీగ పొడవే మా ప్రపంచం. ఒకే గదిలో పక్కపక్కనే కూర్చుని, తెర మీది చీకటి నడవాల్లో ఒకరినొకరు వెతుక్కుని కాల్చుకునేవాళ్లం. ముప్పై, నలభై ఏళ్ల మనుషులం, పిల్లల తండ్రులం. ఇంటికి రాసే ఉత్తరాల్లో మాత్రం అందరం కంప్యూటర్ నేర్చుకుంటున్నామనే రాశాం. అది పూర్తిగా అబద్ధమేమీ కాదు.

అన్నయ్య, బావ, నేను కాక ఇంకా ఇద్దరు ఉండేవారు. ఒకాయన చమురు కంపెనీలో పనిచేసే గుంటూరు ఇంజనీరు, తల ముందే నెరిసిందని మేమంతా బాబాయి అనేవాళ్లం. రెండోవాడు నిజామాబాద్ తమ్ముడు. ఇండస్ట్రియల్ ఏరియాలో లేబర్ క్యాంప్‌లో ఉండేవాడు. ఆ కేంద్రంలో చెమ్మ పట్టిన గోడకు ప్లాస్టరింగ్ చేయడానికి కంపెనీ పంపితే వచ్చి, లోపల తెలుగు వినబడి, పని అయ్యాక కూడా ఆగిపోయాడు. తరువాత ప్రతి శుక్రవారం కంపెనీ బస్సులో ఊళ్లోకి వచ్చి, మధ్యలో దిగి మా దగ్గరికి నడిచి వచ్చేవాడు. అతనంత చేతకాని ఆటగాణ్ని నేను ఈ నాటివరకు చూడలేదు. ఆట మొదలుకాగానే ఏదో ఒక మూలకు వెళ్లి, గోడకు ముఖం పెట్టి నిలబడిపోయేవాడు, ఇటు తిరగడం వచ్చేది కాదు. వెనకనుంచి ఎవరు పడితే వాళ్లు కాల్చేసేవాళ్లు. బావ అతనికి ‘గోడకు కాపలా’ అని పేరు పెట్టాడు.

“ఏంరా, మళ్లీ గోడకు కాపలానా?” అంటే, “గోడ గట్టిగున్నదా లేదా సూస్తున్న బావా, మాది కన్‌స్ట్రక్షన్ కంపెనీ గదా!” అనేవాడు.

మా బావ మాత్రం ఆటలో నిప్పు. గెలిస్తే పెద్దగా అరుపు, ఓడితే అంతకన్నా పెద్ద అరుపు. ఎవరైనా తలుపు చాటునుంచి కాలిస్తే కాకినాడలో వాడే మాటలన్నీ అక్కడ వినబడేవి. ఆ అరుపుల వెనక ఏముందో నాకు తెలుసు. ఆయన పట్టభద్రుడైన ఇంజనీరు. కానీ తీసుకొచ్చేటప్పుడు కంపెనీ దగ్గర మిగిలిన వీసాలు మేస్త్రీలవే కావడంతో, పాస్‌పోర్టులో మేస్త్రీ అని పడింది. గల్ఫ్‌లో ఇది వింతేమీ కాదు, చేసే పని ఒకటి, వీసా మీది వృత్తి ఇంకొకటి. కానీ మేస్త్రీ వీసా మీద భార్యాబిడ్డలను తెచ్చుకోనివ్వరు. వృత్తి మార్పించమని కంపెనీ చుట్టూ తిరగడం, కాగితాలు పెట్టడం, మాఫీ అనిపించుకోవడం, ఇదే ఆయన పని. మేనల్లుడికి ఒకటో తరగతి వయసు వచ్చింది. ఈ ఏడు బడులు తెరిచేలోగా వీసా రాకపోతే ఉద్యోగం వదిలేసి వచ్చేస్తానని బావ అక్కకు రాసేశాడు. అక్క ఆ ఉత్తరం సంగతి నాకు ఫోన్‌లో చెప్పి ఏడ్చింది. వచ్చేస్తే ఎలా బతకాలన్న దిగులు కాదు దానిది. ఓడిపోయి వచ్చానన్న బాధతో ఆ మనిషి మళ్లీ నోరు తెరిచి అరవడేమోనని.

ఆ రోజుల్లోనే ఆట ఖాళీ కావడం మొదలైంది. మొదట అన్నయ్య తాళంచెవి నా చేతిలో పెట్టి, నడుము నొప్పిగా ఉంది, కొన్నాళ్లు కూర్చోలేనన్నాడు. కొన్ని వారాలకు బాబాయి శుక్రవారాలు డ్యూటీ వేశారన్నాడు. వాళ్లు ఎందుకు మానేశారా అని ఆలోచించి బావ ముందు యంత్రాలు నెమ్మదించాయన్నాడు, తరువాత ఆట పాతబడిందన్నాడు, చివరికి ఒకరోజు కుర్చీలోనే చతికిలబడి, నా నోటి వల్లే పోయార్రా, అన్నాడు. ఇంట్లో మనుషులు లేక, ఆఫీసులో మాట చెల్లక, ఉన్న ఈ ఒక్క చోట కూడా మనుషుల్ని తరిమేశానే అని ఆయన నిజంగానే బాధపడ్డాడు. ఆ తరువాత రెండు వారాలు నోరు విప్పకుండా ఆడాడు. అది చూడలేకపోయాం.

అసలు సంగతి నాకు కూరగాయల మార్కెట్‌లో తెలిసింది. సంచీ పట్టుకుని వెళ్తుంటే ఎదురుగా గుంటూరు బాబాయి, పక్కన ఒక ఆవిడ, ఆవిడ చెయ్యి పట్టుకుని ఒక పాప. నన్ను చూడగానే బాబాయి మాయమయ్యాడు. తెర మీద తుపాకులకు ఎదురెళ్లే మనిషి కొత్తిమీర కట్టల వెనక వంగి కూర్చున్నాడు.

“ఏం లేదబ్బాయ్, తాజాగా ఉందో లేదో వాసన చూస్తున్నా,” అన్నాడు, పట్టుబడ్డాక. తరువాత నన్ను పక్కకు లాగి, “మీ బావకు చెప్పమాకు. ఆయన కాగితాలు తిరిగొచ్చిన వారమే మా వాళ్లు దిగారు. ఏ మొహం పెట్టుకుని వచ్చి కూర్చోను?” అన్నాడు.

అన్నయ్య నడుము నొప్పి కూడా అలాంటిదేనని ఆయనే చెప్పాడు. ఆయన కుటుంబం కూడా వచ్చేసింది. అంటే ఆట చావలేదు, ఎవరికీ కోపం రాలేదు. ఒక్కొక్క ఇల్లు నిలబడుతుంటే ఒక్కొక్క కుర్చీ ఖాళీ అయింది. బాబాయికి మాట ఇచ్చాను కనుక బావకు చెప్పలేదు. వీసా వచ్చిన రోజున నవ్వుకుంటూ చెప్పుకోవచ్చులే అనుకున్నాను.

అందుకే ఆ శుక్రవారం కుర్చీ ఖాళీగా కనబడేసరికి, చెప్పకుండా తప్పు చేశానేమో, బావ అన్నంత పనీ చేశాడేమో అనుకున్నాను. నిజామాబాద్ తమ్ముడు గోడను వదిలి నావైపు తిరిగాడు. “అన్నా, బావ ఇంత ఆలస్యం ఎన్నడు జెయ్యలే. రూముకు పోయి సూద్దాం పా,” అన్నాడు. ఎండలో పడి వెళ్లాం. బావ గదిలో ఉండే మలయాళీ కుర్రాడు నిద్ర కళ్లతో తలుపు తీసి, పొద్దుటే సామానంతా పికప్ బండిలో వేసుకుని వెళ్లిపోయాడని హిందీలో చెప్పి మళ్లీ పడుకున్నాడు. మంచం మీద పరుపు లేదు. మూలన పెట్టె లేదు. గోడకు మేకులు మాత్రం ఉన్నాయి. అక్కకు ఏమని ఫోన్ చేయాలా అని నేను, నన్ను ఏమని ఓదార్చాలా అని తమ్ముడు ఆలోచించుకుంటూ వెనక్కి నడిచాం.

దర్జీ దుకాణం వెనక సందు తిరిగేసరికి, ఒక పాత మేడ మెట్ల మీదనుంచి కేక వినబడింది. చాలా రోజులకు విన్న పాత కేక.

“ఒరేయ్ బామ్మర్దీ! చూస్తావేంట్రా, వచ్చి పట్టు! నడుం విరుగుతోంది!”

మెట్ల మలుపులో ఒక ఫ్రిజ్ ఇరుక్కుని ఉంది. దాని వెనక చెమటతో తడిసిన మా బావ. కింద పికప్‌లో ఆయన పరుపు, పెట్టె, ఇంకా ఏవేవో. పరుగున వెళ్లి పట్టుకున్నాను. అంతలో నా వెనకాల నిజామాబాద్ తమ్ముడు కనబడ్డాడు. బావ ముఖంలో నవ్వు చటుక్కున ఆరిపోయింది.

“ఇది... మా ఫ్రెండ్‌దిరా. కొద్దిగా సాయం చేస్తున్నాను,” అన్నాడు బావ, ఫ్రిజ్ వైపు చూస్తూ.

నిజామాబాద్ తమ్ముడు పికప్‌లోకి తొంగిచూశాడు. పరుపు మీద మూడు చక్రాల ఎర్ర సైకిల్ ఒకటి ఉంది. “ఫ్రెండుకు గింత చిన్న సైకిల్ ఎందుకు బావా?” అన్నాడు.

 లేబర్ వీసా మీద ఉన్న తమ్ముడికి వృత్తి మార్పించుకునే దారి కూడా లేదు. ఊళ్లో అతని భార్య, ఇద్దరు ఆడపిల్లలు ఉన్నారని, వాళ్లు ఇప్పటికీ దోహాను దుబాయ్ అనే అంటారని మాకందరికీ తెలుసు. కుటుంబం వీసా ఆ వారం మొదట్లోనే చేతికి వచ్చినా బావ నాకు కూడా చెప్పలేదంటే, నేను తమ్ముడి దగ్గర నోరు జారతానని. అన్నయ్యా బాబాయీ తనకు చేసిందే, తను ఇంకొకరికి చేశాడన్నమాట.

తమ్ముడే ముందు నవ్వాడు. “గిట్ల దాసుడెందుకు బావా? నువ్వు దాసిపెడితే నా పోరీలు ఒస్తరా? ఒక్కరి ఇంటోళ్లన్న ఒస్తున్నరంటే మంచిగనే ఉంటది గదా. యల్లా, పా, పట్టు. గోడకాడ నాకు తిరుగుడు రాదు గాని, ఫ్రిజ్ తిప్పుడు ఒస్తది,” అని కింది పక్కన భుజం పెట్టాడు.

మూడో అంతస్తు వరకు ఎక్కించేటప్పుడు నేను ఆగలేక అన్నయ్య నడుము నొప్పి, బాబాయి కొత్తిమీర, అన్నీ చెప్పేశాను. బావ మెట్ల మీదే ఆగిపోయాడు. “అంటే నా నోరు కాదన్నమాట!” అని, ఒక చెయ్యి వదిలేసి మరీ నవ్వడం మొదలుపెట్టాడు. ఫ్రిజ్ ఒరిగింది, కిందనుంచి తమ్ముడు, “బావా, నవ్వుడు పైకి పోయినంక! నేను సస్త!” అని అరిచాడు. ఆ మెట్ల మీద ఆ రోజు నా గుండెల మీదనుంచి దిగిన బరువు ముందు ఆ ఫ్రిజ్ బరువు ఏపాటిది! సాయంత్రం డ్యూటీకి వెళ్లేముందు అక్కకు ఫోన్ చేశాను. బావ అరుస్తున్నాడే, బాగానే అరుస్తున్నాడు, అని చెప్పాను. అది నవ్విందో ఏడ్చిందో లైనులో సరిగా వినబడలేదు.

అక్క వచ్చాక శుక్రవారాలన్నీ ఆ మూడో అంతస్తులోకి మారాయి. బాబాయి, అన్నయ్య కుటుంబాలతో సహా అక్కడికే వచ్చేవారు, ఇక దాక్కునే పని లేదు. భోజనాలయ్యాక నేనూ నిజామాబాద్ తమ్ముడూ కేంద్రం తెరిచి ఒక గంట ఆడేవాళ్లం. ఇద్దరమే ఉన్న ఆటలో అతను గోడకు నిలబడితే నేను వెతకడం, ఏం ఆట అది! అయినా మానేయాలని ఇద్దరికీ అనిపించలేదు. తరువాత అతని కంపెనీ అల్ షహానియాలో ఒంటెల పెంపకం జరిగే చోట ప్రహరీ గోడ కట్టే పనికి అతణ్ని పంపింది. అక్కడినుంచి ఊళ్లోకి శుక్రవారం బస్సు లేదు. ఒక్కసారి మాత్రం ఎవరి పికప్‌లోనో వచ్చి, అక్క చేసిన పులుసన్నం తిని, మేనల్లుణ్ని ఎర్ర సైకిల్ మీద తిప్పి వెళ్లాడు. ఆ ఏడాదే యజమాని యంత్రాలు మార్చాడు, ఆట పోయింది, తాళంచెవి తిరిగి ఇచ్చేశాను.

ఇదంతా మొన్న మా అల్లుడికి చెప్పాను. ఇప్పుడు ఆడేవాళ్లకు పక్కవాడి ముఖం తెలియదు, ఊరు తెలియదు, పేరు కూడా నిజం కాదు. ఎవరైనా రావడం మానేస్తే వాడి గది తలుపు తట్టడానికి దారి లేదు. ఒక అంకె తగ్గుతుంది, అంతే. మాకు అంకెలు లేవు, కుర్చీలే ఉండేవి, ఎవరి కుర్చీ ఎందుకు ఖాళీ అయిందో ఆలస్యంగానైనా తెలిసేది. అందుకే మనుషులు తగ్గిపోతున్నారన్న మాట వింటే నాకు ఈ రోజుకీ మొదట దిగులు కలగదు, పోనీలే, ఎక్కడో ఎవరింట్లోనో ఫ్రిజ్ మెట్లెక్కుతోందేమో అనిపిస్తుంది.

అయితే నిజామాబాద్ తమ్ముడి కుర్చీ విషయంలో నాకు తెలిసింది సగం వార్తే. అల్ షహానియా గోడ పూర్తయ్యాక అతణ్ని కంపెనీ ఇంకో క్యాంప్‌కు పంపిందో, ఇంటికే వెళ్లిపోయాడో, బావకూ తెలియదు, నాకూ తెలియదు.